మాటల మోత

"చేతులు రెండంగుళాలు ఎక్కువ లోపలికి మడిచి కుట్టమని మీ అమ్మకి చెప్పు," అన్నాడు నాన్న, సుద్దముక్కని చెవి మీద దోపుకుంటూ. "హోటలాయన ఫోన్ చేశాడు. కోటు చెయ్యి మణికట్టు దాటకూడదట. సొంత తెలివి వాడొద్దను. ఉంటేగా వాడటానికి, అని కూడా అను."

అమ్మలు తలూపింది. పుస్తకాల సంచీ ఇంకా భుజం మీద నుంచి దిగనేలేదు. బడి నుంచి వచ్చిన పిల్ల మంచినీళ్లైనా తాగిందో లేదో చూడకుండానే డ్యూటీలో పడేశాడు.

దుకాణం రెండు గదులు. వీధి వైపు గదిలో పొడుగాటి బల్ల, దాని మీద నాన్న కత్తెర. వెనక గదిలో కిటికీ కింద అమ్మ మిషను. మధ్యలో ఒక పరదా. నాన్న కత్తిరిస్తాడు, అమ్మ కుడుతుంది. విడదీసేది ఒకరు, కలిపేది ఇంకొకరు, అదీ అక్కడి పని పద్ధతి. కానీ చలికాలం మొదట్లో ఏదో విషయం మీద మాటా మాటా వచ్చి, ఇద్దరి మధ్యా ఉన్న ఆ కాస్త మాటా పోయింది. కొలతల్లో వెంట్రుకవాసి తేడా రానివ్వని మనుషులే గానీ, కలతల దగ్గర ఇద్దరికీ టేపు దొరకలేదు. అప్పట్నుంచీ అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేసే పని పదో తరగతి చదివే అమ్మలుది. జీతం లేదు, సెలవు లేదు. రెండు పక్కల నుంచీ పడే చీవాట్లు మాత్రం బోనసు.

మోయడం ఒక్కటే అయితే ఎలాగో మోసేది. నాన్న మాటల్లో గుండుసూదులుంటాయి, అమ్మ మాటల్లో దబ్బనాలుంటాయి. వాటిని ఉన్నవున్నట్టు అందిస్తే ఏమవుతుందో అమ్మలుకి తెలియదు. ఆ తెలియకపోవడమే భయం. అమ్మ పెట్టె సర్దుకుంటుందేమో, నాన్న షట్టరు దించేసి ఎటైనా పోతాడేమో. అందుకని పరదా దగ్గరికి చేరేలోపు సూదులన్నీ ఏరేసి ఉత్త గుడ్డ మాత్రం అందించడం అలవాటు చేసుకుంది. ఏరిన సూదులు ఎక్కడికి పోతాయంటే, ఎక్కడికీ పోవు. ఆ పిల్ల కడుపులోనే ఉంటాయి.

ఆ సాయంత్రమూ ఏరడం మొదలుపెట్టింది. 'సొంత తెలివి' తీసేసింది. 'ఉంటేగా' తీసేసింది. పరదా పక్కకి జరిపేసరికి అమ్మ తలెత్తకుండానే అందుకుంది.

"ఏమంటున్నాడే మహానుభావుడు? నా పనికి వంక పెట్టకపోతే తాగిన టీ అరగదు కాబోలు."

మిషను చప్పుడు వడి పెంచింది. అమ్మకి కోపమొస్తే ముందు తెలిసేది మిషనుకే, తర్వాత అమ్మలు కడుపుకి.

"ఏం లేదమ్మా," అంది అమ్మలు గబగబా. "చేతులు కాస్త జాగ్రత్తగా కుట్టమన్నాడు, అంతే."

సూదులతో పాటు రెండంగుళాలూ జారిపోయాయి.

*

వడ్డించేవాళ్ల కోట్లు ఎంతదాకా వచ్చాయో చూద్దామని హోటలు సూపర్‌వైజరు సోమవారం సాయంత్రం వచ్చాడు. మనిషి పొట్టి, మీసం పొడుగు. తయారైన కోట్లలో ఒకటి తీసి తొడుక్కుని, అద్దం ముందు నిలబడి చేతులు చాపాడు. కోటు చేతులే గానీ సొంత చేతులు కనపడలేదు. వేళ్ల కొసలు మాత్రం పిల్లికూనల్లా బయటికి తొంగి చూశాయి.

"మాస్టారూ, ఇది తొడుక్కుని మావాళ్లు సూపు వడ్డిస్తే, వచ్చినాయన కన్నా ముందు కోటే తాగేస్తుంది," అన్నాడు. "ఆదివారం మా హోటలు మళ్లీ తెరుస్తున్నాం. శనివారం సాయంత్రానికి అన్ని చేతులూ సరిచేసి ఇస్తారా, నా చేతులు నేను కడుక్కోమంటారా?"

అతను వెళ్లాక నాన్న కోటు పట్టుకుని పరదా దాకా వచ్చాడు. దాటలేదు.

"అమ్మలూ! ఏం చెప్పమన్నాను నీకు?"

పరదా వెనక నుంచి అమ్మ గొంతు: "అమ్మలూ! ఏం చెప్పావు నాకు?"

"రెండంగుళాలు అన్నానా లేదా?"

"రెండంగుళాలని నాతో అన్నావా లేదా?"

"ఇంత చిన్న మాట సరిగ్గా చెప్పలేవూ? ధ్యాస ఎక్కడుంటుంది నీకు?"

"ఎక్కడుంటుందీ? కడుపునొప్పని క్లాసు మధ్యలో లేచి వచ్చేయడం మీదుంటుంది!"

ఒకరి మాటని ఒకరు అందుకుంటున్నారు, తాళం తప్పకుండా. చలికాలపు గొడవ తర్వాత ఇద్దరూ ఒకే మాట మీదికి రావడం ఇదే మొదటిసారి. కోటు చేతుల దగ్గర అమ్మా నాన్నా చేతులు కలిపారు.

అమ్మలు పరదా అంచు భుజం మీద వేలాడుతుండగా సరిగ్గా గుమ్మం మధ్యలో నిలబడి ఉంది. కడుపులో మెలి మొదలైంది. కిందటి వారమే ఈ మెలికల కోసం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది అమ్మ. ఆయన అక్కడా ఇక్కడా నొక్కి చూసి, లోపల ఏ జబ్బూ లేదమ్మా, ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా, అని అడిగాడు. "అబ్బే, మా ఇంట్లో గట్టిగా మాటే వినపడదండీ!" అంది అమ్మ, ఎంతో నమ్మకంగా.

ఇప్పుడు ఏడుపు రావాలి. వస్తుందేమోనని అమ్మలు కూడా కాసేపు చూసింది. రాలేదు. దాని బదులు చాలా మామూలు లెక్కొకటి తోచింది. మాట నాన్నది. వినాల్సింది అమ్మ. ఇద్దరూ ఉన్నది పక్క పక్క గదుల్లో. తప్పు మాత్రం తనది.

"సరే," అంది. "కోట్ల చేతులన్నీ నేనే విప్పి ఇస్తాను. ఇస్త్రీ కూడా చేస్తాను. కానీ ఇక నుంచి మీ ఇద్దరి మాటలూ నేను మోయను."

"అలిగింది," అన్నాడు నాన్న.

"ఆకలేసి ఉంటుంది," అంది అమ్మ.

"అలక్కాదు, ఆకలీ కాదు," అంది అమ్మలు. "మానేశాను."

*

మంగళవారం పొద్దున, దుకాణం వెనక వంటింట్లో బల్ల దగ్గర బ్రెడ్డు ముక్క తుంపుతూ నాన్న మామూలుగానే మొదలెట్టాడు.

"అమ్మలూ, ఇస్త్రీపెట్టె వేడెక్కట్లేదని మీ అమ్మకి చెప్పు."

"నీకు ఎదురుగానే ఉంది నాన్నా."

"ఏది, ఇస్త్రీపెట్టా?"

"అమ్మ."

నాన్న అటు చూశాడు. అక్కడ మనిషి బదులు గోడ ఉన్నట్టు, ఆ గోడకి సున్నం వేయించాలా వద్దా అన్నట్టు చూసి, మళ్లీ టీ కప్పులో తల దూర్చాడు. అమ్మ లేచి సింకు దగ్గర గిన్నెలతో చప్పుడు చేసింది. ఒక్కో గిన్నె ఒక్కో తిట్టు. ఇదివరకైతే అమ్మలు వాటిని వెంటనే అనువాదం చేసుకుని, 'బాగుచేయిద్దామంటోంది' అని నాన్నకి అందించేసి ఉండేది. ఆ మాట నాలుక కొస దాకా వచ్చింది. దాన్ని బ్రెడ్డుతో పాటు మింగేసింది.

మానేయడం నోటితో అన్నంత తేలిక కాదు. క్లాసులో రెండో పీరియడుకే కడుపు మెలిపెట్టింది. ఈపాటికి నాన్న పరదా దగ్గరికి వచ్చి ఉంటాడు, పిలవడానికి మనిషి ఉండదు. అమ్మకి నల్లదారం అయిపోయి ఉంటుంది, అడగడానికి మనిషి ఉండదు. ఎవరో ఒకరు విసుక్కుని ఉంటారు. ఆ విసుగు ఎక్కడి దాకా పోతుందో! డెస్కు అంచుని గట్టిగా పట్టుకుంది.

"ఇంటికెళ్తావా?" అంది టీచరు, రోజూ అడిగినట్టే. చీటీ రాయడానికి పెన్ను కూడా తీసింది.

"వద్దు టీచర్."

"నొప్పిగా లేదా?"

"ఉంది. ఇక్కడే ఉంటాను."

నొప్పి పోలేదు. పిల్లా పోలేదు. ఇద్దరూ బడి వదిలే దాకా ఒకే బెంచీ మీద కూర్చున్నారు.

సాయంత్రం ముందుగదిలో స్టూలు వేసుకుని, కోట్ల గుట్టని ఒళ్లోకి లాక్కుని విప్పడం మొదలుపెట్టింది. కోటు చేతిని తిరగేసి, బ్లేడు మూలతో కుట్టుని అక్కడక్కడా తెంపి, రెండో వైపు నుంచి దారం కొస పట్టి లాగితే సర్రున వచ్చేస్తుంది. ఆత్రపడి లాగితే గుడ్డ చిరుగుతుంది. ఊడిన దారం ముక్కలు ఏరి, పాత మడత మీద తడిగుడ్డ పరిచి ఇస్త్రీ చెయ్యాలి, లేకపోతే పాత గీత అలాగే కనపడుతుంది. అమ్మ మిషను మీద అలవోకగా వేసిన కుట్లు, చేత్తో విప్పాలంటే ప్రాణం తీశాయి. అమ్మలు అన్నీ విప్పింది, నోరు తప్ప.

అప్పుడే పాంటు నడుము బిగించుకుందామని పోస్టుమాన్ తాతయ్య వచ్చాడు. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఆయన చిక్కిపోతున్నాడు, పాంట్లు మాత్రం అప్పటివే. నాన్నకి ప్రాణం లేచొచ్చింది.

"తాతయ్యా, లోపలికెళ్లి, విప్పిన చేతులు కుట్టడం మొదలెట్టమని ఆవిడకి చెబుతావా? రెండంగుళాలని గట్టిగా చెప్పు."

ఆయన పరదా తొలగించి చెప్పొచ్చాడు. వెంటనే తిరుగుటపా వచ్చింది: "ఆ సంగతి అప్పుడే తెలిసి ఉంటే ఇప్పుడీ తిప్పలుండేవా అని అడగమంటోందయ్యా."

"తెలియజెప్పినా తెలుసుకునే బుర్ర ఉండాలిగా అని చెప్పు."

తాతయ్య రెండోసారి వెళ్లి వచ్చాడు. మూడోసారి లేచి, ఆగి, పాంటు నడుం పట్టుకుని మళ్లీ కూలబడ్డాడు.

"బాబూ, జన్మంతా ఉత్తరాలు మోశాను. అన్నీ అంటించిన కవర్లే. లోపలేముందో నాకు తెలిసేది కాదు కాబట్టి హాయిగా నిద్రపట్టేది. ఇలా విప్పిన ఉత్తరాలు మోయడం నావల్ల కాదు." బిగించడానికి తెచ్చిన పాంటు చంకలో పెట్టుకుని అమ్మలు వైపు తిరిగాడు. "నువ్వెలా మోశావే పిల్లా?"

అమ్మలు చేతిలో బ్లేడు ఒక్క క్షణం ఆగింది. ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ వెయ్యలేదు.

"ఇప్పుడు మోయట్లేదు తాతయ్యా," అంది.

*

బుధవారం నాన్న మాట్లాడింది కోట్లు తొడిగే చెక్కబొమ్మతో. తల లేని బొమ్మ కాబట్టి చాలా ఓపిగ్గా విన్నది. "చూశావా, కొందరికి పంతం ఎక్కువ," అనేవాడు, దాని భుజం మీద కోటు సర్దుతూ, గొంతు మాత్రం పరదా వైపు పెట్టి. అవతల అమ్మ మిషనుతో చెప్పుకునేది. "నీకున్న పాటి ఇంగితం లేదే ఆ మనిషికి, నూనె వేస్తే నువ్వన్నా తిరుగుతావు."

బొమ్మా మిషనూ ఎంతసేపటికీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు కనక, గురువారం ఇద్దరూ మళ్లీ అమ్మలు మీద పడ్డారు. ముందు నాన్న, బతిమాలుతూ. "ఒక్క మాటే తల్లీ, లైనింగు గుడ్డ ఎక్కడ పెట్టిందో కనుక్కో."

"నువ్వే కనుక్కో నాన్నా."

"నువ్వు మీ అమ్మ పక్షం. నాకు తెలుసు."

కాసేపటికి అమ్మ, వంటింట్లో. "ఆయన దగ్గర పెద్ద కత్తెర తెచ్చిపెట్టవే."

"కత్తెరైతే తెస్తాను. మాటైతే తేను."

"ఆయన పక్షమే నువ్వు. పుట్టినప్పట్నుంచీ అంతే."

రెండు పక్షాలూ తనని అవతలి పక్షంలోకి నెట్టేస్తుంటే అమ్మలుకి నవ్వొచ్చింది. కడుపు పట్టుకుని నవ్వింది. నొప్పి వల్ల పట్టుకుందో, నవ్వు వల్ల పట్టుకుందో దానికే తేలలేదు. కానీ మెత్తబడలేదు. కత్తెర తెచ్చి అమ్మ చేతిలో పెట్టి, వెళ్లి తన స్టూలు మీద కూర్చుంది.

పని నత్తలా సాగింది. చేతులు విప్పి ఉన్నాయి, కుట్టేవారు ఉన్నారు, కత్తిరించినవారు ఉన్నారు. ఒకరి తర్వాత ఒకరు చెయ్యాల్సిన పనిలో ఆ 'తర్వాత' అనే చోట మాత్రం ఎవరూ లేరు. నాన్న మడత గుర్తులు పెట్టి పరదా కింద నుంచి కోట్లు లోపలికి తోసేవాడు. అమ్మ కుట్టి బయటికి తోసేది. కోట్లు మాత్రం పరదా దాటుతున్నాయి, హాయిగా, పాస్‌పోర్టు లేకుండా.

శనివారం మధ్యాహ్నానికి చేతులైపోయాయి. మిగిలింది గుండీలు.

మగవాళ్ల కోటుకి గుండీలు కుడిపక్క, ఆడవాళ్ల కోటుకి ఎడమపక్క. హోటల్లో వడ్డించేవాళ్లలో మగవాళ్లూ ఉన్నారు, ఆడవాళ్లూ ఉన్నారు. గుడ్డ ఒకటే, రంగు ఒకటే, మధ్యరకం సైజుల్లో ఆకారమూ ఇంచుమించు ఒకటే. ఏది ఎవరిదో నాన్నకి తెలుసు. గుండీలు కుట్టాల్సింది అమ్మ. సూపర్‌వైజరు వచ్చే వేళవుతోంది.

మిషను ఆగిపోయింది. పరదా అవతల అమ్మ లేచి నిలబడ్డ చప్పుడు. రెండు పాదాలు పరదా కింద కనపడ్డాయి.

"అమ్మలూ," అంది పరదా. "అడుగు."

అమ్మలు ఊడిన దారాలు ఏరుతోంది. ఏరుతూనే ఉంది.

"అమ్మలూ, నిన్నే."

నాన్న కత్తెర ఆగింది. ఆయన కూడా అమ్మలు వైపే చూశాడు, ఇక నీ దయ అన్నట్టు. ఒక్క ప్రశ్న. రెండు మాటలు. అడిగేస్తే అయిపోతుంది, కోట్లు తయారవుతాయి, సూపర్‌వైజరు నవ్వుకుంటూ వెళ్తాడు, సోమవారం మళ్లీ మొదలవుతుంది. అమ్మలు స్టూలు అంచుని రెండు చేతులా పట్టుకుంది, క్లాసులో డెస్కుని పట్టుకున్నట్టు.

ఒక్కసారిగా పరదా ఉంగరాలన్నీ ఒక మూలకి జరిగాయి.

"ఇది ఆడమనిషి కోటా, మగమనిషి కోటా?" అంది అమ్మ.

చలికాలం నుంచీ నాన్నతో నేరుగా అన్న మొదటి మాట అది. కోటు ఎత్తి పట్టుకుంది. కళ్లు తిన్నగా నాన్న ముఖం మీదున్నాయి. నాన్న అలవాటు కొద్దీ అమ్మలు వైపు తిరిగి, "చెప్పు, అది..." అని ఆగిపోయాడు. ఎవరికి చెప్పమనాలో తోచలేదు. మెల్లిగా మెడ తిప్పాడు, బిగుసుకుపోయిన తాళం తిప్పినట్టు.

"చూస్తే తెలియట్లా? ఛాతీ దగ్గర కత్తిరింపు చూడు."

"చూసే ఓపికే ఉంటే మిమ్మల్నెందుకు అడుగుతానండీ?"

"అడిగావా? ఎప్పుడడిగావు? ఇప్పుడేగా అడిగింది!"

"మీరెప్పుడన్నా చెప్పారా?"

అంతే. మొదలైంది. గుండీల దగ్గర మొదలై, రెండంగుళాల మీదికి పోయి, ఇస్త్రీపెట్టె మీదుగా, చలికాలం దాకా వెళ్లింది. నాన్న బల్ల మీద చేత్తో కొట్టాడు. సుద్దముక్క ఎగిరి కింద పడింది. అమ్మ కోటుని దులిపి దులిపి మాట్లాడింది. వీధిలో పోయే ఆడమనిషి ఒకామె అడుగు నెమ్మదించి లోపలికి చూసింది.

అమ్మలు ఇన్నాళ్లూ దేన్ని ఆపడానికి పరదా దగ్గర కాపలా కాసిందో, అది వచ్చేసింది. కాళ్లు వాటంతటవే లేవబోయాయి. మధ్యలోకి వెళ్లి నిలబడాలి. 'నాన్న ఉద్దేశం అది కాదమ్మా' అనాలి. 'అమ్మ కోపంలో అంటోంది నాన్నా' అనాలి. స్టూలుని ఇంకా గట్టిగా పట్టుకుంది. ఇప్పుడు కూలుతుంది, ఇప్పుడు, ఇప్పుడు, అని ఎదురుచూసింది. చెక్కబొమ్మ నిలబడే ఉంది. గోడలు నిలబడే ఉన్నాయి. అమ్మ ఏ పెట్టే సర్దలేదు. నాన్న షట్టరు వైపు చూడను కూడా చూడలేదు. తిట్టుకుంటూనే ఒక చేత్తో, ఆడవాళ్ల కోట్లన్నీ ఏరి అమ్మ వైపుకి జరుపుతున్నాడు. తిడుతూనే అమ్మ వాటిని అందుకుని, గుండీల చోట గుండుసూదులు గుచ్చుతోంది. ఈసారి సూదులు పడాల్సిన చోటే పడుతున్నాయి.

"నేను జ్వరంతో మంచాన పడి ఉంటే ఒక్కసారన్నా తొంగి చూశారా?" అంది అమ్మ.

"రోజూ అడిగాను. రోజూ! ఎలా ఉందో కనుక్కోమని దీన్ని పంపాను."

"దీన్ని పంపారు. మీరు రాలేదు."

నాన్న ఇంకో కోటు జరిపాడు. అమ్మ అందుకుంది.

"అయినా అది మీరడిగినట్టని నాకెలా తెలుస్తుంది? దీని నోట్లోంచి వచ్చేవన్నీ తీపి మాటలే. ఎలా ఉందని నాన్న అడిగాడమ్మా, దిగులు పడుతున్నాడమ్మా... మీరన్నవేవో, ఇది అల్లినవేవో! అల్లిక పనిలో మనిద్దరినీ మించిపోయిందది. ఒక్కటీ నమ్మడం మానేశాను."

నాన్న దిగులు పడ్డాడన్న ఆ మాట అమ్మలు అల్లింది కాదు. నాన్నే అన్నాడు. ఆ వారమంతా, కత్తెర చేతిలో పట్టుకుని ఏమీ కత్తిరించకుండా, దిగులుగా అన్నాడు. చెడ్డవాటిని ఏరేసి తీపి పూసి తీపి పూసి, నిజంగా తియ్యగా ఉన్న ఆ ఒక్క మాటని కూడా తనే పనికిరాకుండా చేసింది. ఎంత గట్టిగా మోసిందో అంతగా దారిలో పారబోసింది.

ఆశ్చర్యం ఏమిటంటే కడుపు మెలిపెట్టలేదు. బరువు దించిన కూలీ భుజంలా ఒళ్లంతా ఒక్కసారిగా నొప్పెట్టి, వదులైపోయింది. అలాగే పక్కనున్న కోట్ల గుట్ట మీద తల ఆనించింది. వాటికి ఇస్త్రీ వేడి ఇంకా ఉంది. వాళ్లు అరుచుకుంటూనే ఉన్నారు. రోజూ ఒక్కో అడుగు చప్పుడికీ ఉలిక్కిపడే పిల్లకి, అంత గోలలో కళ్లు మూతలు పడ్డాయి.

"నెమ్మదిగా," అంది అమ్మ ఎప్పటికో. "పిల్ల పడుకుంది."

"పట్టపగలు పడుకోవడమేంటి? ఒంట్లో బాగానే ఉందా?"

"నెమ్మదిగా అంటుంటే!"

అరుపులు ఆగాయి గానీ పోట్లాట ఆగలేదు. గుసగుసల్లోకి దిగింది. కోపాన్ని గుసగుసగా చెప్పడం మామూలు విద్య కాదు. సగం మాటలు గాలికి పోతున్నాయి, మిగతా సగం 'ఆఁ?', 'ఏంటీ?' లతో సరిపోతున్నాయి. అమ్మలు నిద్రకీ మెలకువకీ మధ్య గట్టు మీద కూర్చుని వింటోంది.

"నిజంగా అడిగారా?" అంది అమ్మ, మిషను దగ్గర నుంచి, చాలా చిన్నగా.

"ఏంటీ?" అన్నాడు నాన్న బల్ల దగ్గర నుంచి. "వినపళ్లేదు."

మిషను చక్రం సగం తిరిగి ఆగింది.

అమ్మలుకి స్పష్టంగా వినపడింది. ఏమన్నదో తెలుసు, జవాబేమిటో కూడా తెలుసు. ఒక్కసారి తలెత్తితే చాలు. పెదవులు కదలబోయాయి. వాటిని మూసుకుని, తల గోడ వైపుకి తిప్పుకుంది.

వెనకాల కుర్చీ జరిగిన చప్పుడైంది. అమ్మ అడుగులు పరదా దాటి, బల్ల దాకా వెళ్లాయి.